ఎడారి బాటన పాలబండి

వేములవాడ నుండి కోరుట్లకు పోవు బాటలో చందుర్తి దాటిన పిమ్మట రుద్రంగి వచ్చును. 2016వ సంవత్సరము అక్టోబరు 11న రాజన్న సిరిసిల్ల జిల్లా ఏర్పడినప్పుడు ఈ ఊరు మండల కేంద్రమైనది. అంతకుముందు ఇది కరీంనగరు జిల్లా చందుర్తి మండలములోని గ్రామము. ఒకవంక కోరుట్ల, జగిత్యాల; మరొకవంక సిరిసిల్ల. ఊరివారి అంగడి పనులు, పెండ్లి సంబంధములు, బస్సు ప్రయాణములు పెక్కు ఈ మూడు పట్టణముల నడుమనే సాగును.

ఈ సీమ చరిత్ర అనగానే మనకు వేములవాడ చాళుక్యులు, అరికేసరి ఆస్థానమున వెలసిన పంపకవి, కుర్క్యాల గుట్టపై పదవ శతాబ్దమున చెక్కించిన తెలుగు కందపద్యములు జ్ఞప్తికి వచ్చును. అది రాతిపై నిలిచిన చరిత్ర. గడచిన 50 ఏండ్లలో ఈ పల్లెల ఇండ్ల కప్పులను, కట్నముల లెక్కలను, అప్పుపత్రములను మార్చివైచిన చరిత్ర మరొకటి కలదు. దానికి శాసనములు లేవు. పాసుపోర్టుపై పడిన ముద్రలు, ఇకామా అను నివాసపు కార్డులు, జీతపు చీటీలు, ఇవియే ఆధారములు. దుబాయి పోవుట అని ఇక్కడివారు దానికి పెట్టుకొన్న పేరు. పోయినది మస్కటుకైనను, కువైటుకైనను, సౌదీకైనను మాట మాత్రము దుబాయియే.

అట్లు పోయినవారందరును మేడలు కట్టు కూలీలే అని పట్టణవాసులలో ఒక భావము కలదు. అది అర్ధసత్యము. వంటవారు కలరు, తోటమాలులు కలరు, గొఱ్ఱెల కాపరులు కలరు, బండి నడుపువారు పెక్కుమంది కలరు. బండి నడుపువారిలో ఒక తెగను గూర్చి ఇచట ముచ్చటింతము. వారు చలిపెట్టె అమర్చిన లారీలలో పాలు, పెరుగు, లబన్ అను మజ్జిగ, జున్ను వంటివానిని సూపర్ మార్కెట్లకు చేరవేయువారు. వారిలో అనేకులు పాల కంపెనీ నౌకరులు కారు. నడుమ నొక ఏజెన్సీ ఉండును. మనవారి వాడుకలో దాని పేరు సప్లయి కంపెనీ.

ఈ తెగ ఎట్లు పుట్టినదో తెలియవలెనన్న మూడు చరిత్రలను కలిపి చూడవలెను: మన ఊరిది, ఎడారి పాలది, ఆ నడిమి ఏజెన్సీది.

రుద్రంగి పరిసరములు మెట్ట నేలలు. చెరువు నిండిన ఏట వరి, నిండని ఏట జొన్న, మక్కజొన్న. 1972 ప్రాంతపు కరువు తెలంగాణ పల్లెలను గట్టిగా తాకినది. అప్పటికే ఇచటివారికి బొంబాయి కొత్త కాదు. సిరిసిల్ల నేతపనివారు భివండి సాంచెలకు, తక్కినవారు బొంబాయి మిల్లులకు, కట్టడపు పనులకు పోవుచుండిరి. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో రైతుకూలీల మహాసభ, ఊరేగింపు జరిగినవి. జగిత్యాల జైత్రయాత్ర అని దానికి పేరు నిలిచినది. పిమ్మటి నెలలోనే ప్రభుత్వము జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతములుగా ప్రకటించెను. పోలీసు క్యాంపులకు వెరచి, దొరల కోపమునకు వెరచి, పని దొరకక ఊరు విడిచిన యువకుల కథలు ఆ తరపు ఇండ్లలో నేటికిని వినవచ్చును. వారు చేరినది బొంబాయికే. 1982 జనవరిలో ఆ నగరపు బట్టల మిల్లుల సమ్మె మొదలైనది. అది మిల్లు కార్మికుల బ్రతుకులను చిందరవందర చేసెను. అదే నగరమున, అవే వీధులలో, గల్ఫుకు మనుష్యులను పంపు ఏజెంట్ల కార్యాలయములు వెలసియుండెను. 1973లో చమురు ధర పెరిగి అరబ్బు దేశములకు ధనము వెల్లువెత్తినది గదా! అచట పనిచేయు చేతులు కావలెను. ఇచట పనిలేని చేతులు కలవు. బొంబాయి ఆ రెంటికిని రేవుపట్టణమైనది.

బండి నడుపు విద్య మనవారికి ఎట్లు అబ్బినదనిన, దానికి కారణము రైలు లేకుండుటయే అని నా అభిప్రాయము. కాజీపేట నుండి బల్హార్షాకు పోవు రైలుమార్గము పెద్దపల్లి మీదుగా పోయినది కాని, కోరుట్ల వంక తిరుగలేదు. కరీంనగరు మీదుగా నిజామాబాదునకు రైలుమార్గము పూర్తియగుటకు 2017 రావలసి వచ్చినది. అంతవరకు ఈ సీమకు బస్సు, లారీయే దిక్కు. నిజాము ప్రభుత్వము 1932లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించినది మొదలు, డ్రైవరు అనువాడు పల్లెలలో గౌరవమెరిగిన మనిషి. పిల్లవాడు ముందు లారీపై క్లీనరుగా చేరును. చక్రములు కడుగును, రాత్రులు లోడుకు కావలి పండుకొనును, ఖాళీ బాటపై గురువు దయతలచినప్పుడు స్టీరింగు పట్టును. అట్లు నేర్చినవానికి కాగితపు చదువు తక్కువ. రవాణా వాహనపు లైసెన్సుకు 8వ తరగతి ఉత్తీర్ణత కావలెనన్న నియమము 2019 వరకు ఉండెను. ఆ అడ్డంకిని దాటినవాడు గల్ఫుకు అర్హుడయ్యెను.

ఇక ఎడారి పాల సంగతి. 1970వ దశకము తొలినాళ్ళ వరకు సౌదీ అరేబియాలో పట్టణవాసులు ఎక్కువగా త్రాగినది దిగుమతియైన పాలపొడి కలిపిన పాలు. ఒంటెపాలు, మేకపాలు పల్లెవాసులవి. చమురు ధనము రాగానే పచ్చిపాలు మా నేలనే పిండుకొందుమన్న పట్టుదల పాలకులకు కలిగినది. 1977లో ఒక సౌదీ రాజకుమారుడు ఐర్లండు దేశపు మక్‌గకియన్ సోదరులతో కలిసి అల్‌మరాయి సంస్థను స్థాపించెను. 1981లో రాజాజ్ఞచే నాడెక్ అను వ్యవసాయ సంస్థ ఏర్పడినది. అదే ఏట అబూధాబీ రాజ్యములోని అల్ అయిన్‌లో ఒక పాలకేంద్రము వెలసెను. దుబాయిలో 1989లో అల్ రవాబీ. రియాదుకు దక్షిణమున నున్న అల్ ఖర్జ్ ప్రాంతము సౌదీ పాడికి గోకులము వంటిది. అచట భూగర్భమున వేల ఏండ్ల నాటి నీరు కలదు. ఆ నీటిని తోడి పసిరిక పెంచిరి, ఐరోపా, అమెరికాల నుండి హోల్‌స్టీన్ ఆవులను తెచ్చిరి, పాకలలో నీటితుంపురులు, పంకాలు అమర్చి వాటికి చల్లదనము కల్పించిరి. అచటి అల్ సాఫీ పాలకేంద్రము ప్రపంచములోకెల్ల పెద్ద సమగ్ర పాడిశాలగా 1998లో గిన్నీసు గ్రంథమున కెక్కినది.

నీరు తోడినకొలది తరుగును. పచ్చిమేత సాగును మాన్పింపవలసిన స్థితి సౌదీ ప్రభుత్వమునకు 2010వ దశకమున వచ్చినది. అప్పుడు అల్‌మరాయి వారు అర్జెంటీనాలోను, 2014లో అమెరికా అరిజోనా రాష్ట్రములోను భూములు కొని, అచట పండించిన లూసర్ను గడ్డిని ఓడలలో తెప్పింపసాగిరి. ఆవు ఐరోపాది, గడ్డి అమెరికాది, పాలు పిండినది అరేబియాలో, బండి నడిపినవాడు కరీంనగరు జిల్లావాడు. ఒక గ్లాసెడు మజ్జిగ వెనుక ఇంత భూగోళము!

డ్రైవరు చరిత్రకు ముఖ్యమైన మలుపు 1990వ దశకపు ప్రారంభమున వచ్చినది. అంతవరకు అల్‌మరాయి సంస్థకు వేర్వేరు చోట్ల 5 చిన్న కర్మాగారములు, 10 చిన్న పాడిశాలలు ఉండెను. వానిని తీసివైచి ఒక కేంద్ర కర్మాగారమును, అల్ ఖర్జ్ ప్రాంతమున 4 పెద్ద పాడిశాలలను నిర్మించిరి. ఖర్చు తగ్గినది, నాణ్యము పెరిగినది. కాని జెడ్డా నగరము రియాదుకు దాదాపు 950 కిలోమీటర్లు. దమ్మాము 400 కిలోమీటర్లు. దుబాయి దాదాపు 1,000 కిలోమీటర్లు. పాలు ఒక్కచోట పుట్టి ఇన్ని చోట్ల తెల్లవారుసరికి ఉండవలెనన్న, నడుమ ఉన్న ఎడారిని ఎవరో దాటవలెను గదా. బహ్రెయినుకు 25 కిలోమీటర్ల సముద్రపు వంతెన 1986 నవంబరులోనే తెరవబడియుండెను. ఈ విధముగ పెద్ద ట్రైలరు బండ్లకు, వానిని నడుపువారికి గిరాకి పెరిగినది.

చలిబండి అనునది లేకున్న ఇదంతయు కలలోని మాట. లారీకి అమర్చు శీతల యంత్రమును అమెరికాలో ఫ్రెడెరిక్ మెకిన్లీ జోన్స్ అను నల్లజాతీయుడు రూపొందించెను. ఆయనకు దానిపై పేటెంటు లభించినది. బాల్యముననే తల్లిదండ్రుల అండ కోల్పోయి, బడిచదువు అంతగా లేక, మోటారు షెడ్డులలో పని నేర్చినవాడు. మన క్లీనరు కుర్రవానికి ఆయన సజాతీయుడే అని నాకనిపించును.

ఈ పనిలో రెండు అంతస్తులు కలవు. కర్మాగారము నుండి ఊరూరి డిపోలకు రాత్రివేళ ట్రైలరు తోలువారు ఒక వర్గము. డిపో నుండి వేకువజామున చిన్న చలిబండిలో సరకు నింపుకొని దుకాణములకు పంచువారు రెండవ వర్గము. రెండవవాడు డ్రైవరు మాత్రమే కాడు. సరకు లెక్కించుకొనును, బకాలా అను చిల్లర కొట్టు మొదలు మహా సూపర్ మార్కెట్టు వరకు తిరుగును, చలి అలమారలో కొత్త సీసాలను వెనుక, పాతవానిని ముందు సర్దును, గడువు తీరినవానిని ఏరి బండిలో వేసికొనును, చీటీపై దుకాణమువాని ముద్ర వేయించుకొనును. సీసా ఒకటి తగ్గిననో, పగిలిననో ఎవరి లెక్కలో పడునన్నది ఒప్పందమును బట్టి ఉండును. పడకూడనివాని జీతములో పడినదని వినవచ్చు ఫిర్యాదులు కొల్లలు. బయట ఎండ 45 డిగ్రీలు, పెట్టెలోపల 5 డిగ్రీలకు మించరాదు. సరకు దింపుటకై దినమునకు పదులసార్లు ఈ రెండు ఋతువుల నడుమ తిరుగుచుండవలెను. సౌదీలో జూన్ నడుమ నుండి సెప్టెంబరు నడుమ వరకు మధ్యాహ్నము 12 నుండి 3 గంటల వరకు ఎండలో బయటి పని చేయించుట నిషిద్ధము. మేస్త్రీపనివానికి ఆ నియమము వరమే. బండిలో కూర్చున్నవానికి అది అంతగా ఉపకరింపదు. రంజాను మాసమున మజ్జిగకు, పాలకు గిరాకి హెచ్చును. ఆ నెలలో పనివేళలు రాత్రుల మీదికి జరుగును.

రోడ్డుకు ఎడమప్రక్కన పోవుట మన అలవాటు. అచట కుడిప్రక్కన పోవలెను. 20 ఏండ్లు చేతికి ఎక్కిన అలవాటును నెల దినములలో మరువవలెను. మరువనినాడు ఏమగునో చెప్పవలసిన పనిలేదు. సౌదీలో ప్రమాదవశమున మనిషి చనిపోయినచో, తప్పు డ్రైవరుదని తేలినచో, మృతుని వారసులకు దియా అను పరిహారధనము చెల్లింపవలెను. 2011లో ఆ మొత్తమును 3 లక్షల రియాళ్ళకు పెంచిరి. బీమా సక్రమముగా నున్న బండియైనచో బీమా సంస్థ భరించును. బీమా తీరిపోయిన బండిని పనివాని చేతికి అప్పగించినవాడు ఎవడైనను, జైలులో కూర్చుండవలసినవాడు మాత్రము స్టీరింగు పట్టినవాడు. అందుచే అనుభవజ్ఞులు కొత్తవానికి చెప్పు మొదటి మాట: బండి తాళము పుచ్చుకొనుటకు ముందు బీమా కాగితమున తేదీ చూడుము అని.

సప్లయి కంపెనీ అను ఏర్పాటు యజమానికి మిక్కిలి సుకరమైనది. పాల కంపెనీకి వేసవిలో 100 మంది డ్రైవర్లు అదనముగ కావలెననుకొందము. వారిని తన పట్టీలో చేర్చుకొన్నచో వీసా, వసతి, సెలవు టికెట్టు, సర్వీసు ముగిసినప్పుడు ఇయ్యవలసిన మొత్తము, అన్నియు తనపై పడును. ఏజెన్సీ నుండి తెచ్చుకొన్నచో గంటల లెక్కన రుసుము చెల్లించిన చాలును. ఏజెన్సీ అందులో తన భాగము మినహాయించుకొని తక్కినది పనివానికి ఇచ్చును. ఒంటిపై చొక్కా పాల కంపెనీది, ఇకామాలో పేరు ఏజెన్సీది. ప్రక్కబండి వాడు చేయునదియు ఇదే పని. వాని జీతము వేరు, వీని జీతము వేరు. పని తగ్గిన నెలలో ఏజెన్సీవాడు గదిలో కూర్చుండును. కొన్ని చోట్ల ఆ దినములకు జీతము రాదు. ఇట్టి పద్ధతి అరబ్బు దేశములకే పరిమితము కాదు. ఇంగ్లండులో సూపర్ మార్కెట్లకు పాలు చేర్చు లారీలపై ఏజెన్సీ డ్రైవర్లు సర్వసాధారణము. భేదమేమన, అచటివాడు ఈ ఏజెన్సీ నచ్చనిచో మరునాడు ఇంకొక ఏజెన్సీ తలుపు తట్టగలడు. కఫీలు, అనగా పూచీదారు అయిన యజమాని అనుమతి లేక పని మారుట గల్ఫులో చిరకాలము నేరముగ నుండెను. వదలి పోయినవానికి మన పల్లెలలో ఖల్లివెల్లి అని పేరు. వాడు పట్టుబడినచో జైలు, పట్టుబడనిచో భయము. 2020లో కతరు దేశము, 2021 మార్చిలో సౌదీ అరేబియా ఈ కట్టును కొంత సడలించి, యజమాని అనుమతి లేకయే పని మారుటకు వీలు కల్పించినవి. సౌదీ సడలింపు ఇండ్లలో కారు నడుపు డ్రైవరుకు వర్తింపలేదు. వాడు చట్టము దృష్టిలో కార్మికుడు కాడు, ఇంటి పనివాడు.

మన దేశమున 1922 నాటి వలస చట్టము స్థానమున 1983లో కొత్త చట్టము వచ్చినది. 10వ తరగతి గట్టెక్కనివాడు గల్ఫు మొదలగు 18 దేశములకు పనికై పోవలెనన్న వలస రక్షణాధికారి అనుమతి పొందవలెను. ఏజెంటు ద్వారా పోయినచో ఆ ఏజెంటుకు లైసెన్సు ఉండవలెను. ఏజెంటు 30,000 రూపాయలకు మించి రుసుము తీసికొనరాదని 2017 నాటి నియమము. వ్యవహారమున ఇంతకు కొన్ని రెట్లు చెల్లించి పోయినవారు ప్రతి ఊరిలోను కనబడుదురు. చట్టము హైదరాబాదులో, బొంబాయిలో ఉండును; ఊరిలో నుండునది సబ్ ఏజెంటు. వానికి లైసెన్సు లేదు, రసీదు లేదు, చుట్టరికము మాత్రము కలదు. అన్నా అని పిలిచి తెచ్చిన చుట్టమును పోలీసు స్టేషనుకు ఈడ్చుట ఎవరికిని మనసొప్పదు. అందుచే మోసపోయినవాడు తరచు ఊరకుండును. మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు ఊరకుండదు. మొదటి ఏడాదిన్నర జీతము అప్పుకే చెల్లునని లెక్కవేసికొని పోవువారు తెలివిగలవారు. లెక్కవేయక పోవువారు అధికసంఖ్యాకులు. జీతము బ్యాంకు ద్వారానే చెల్లింపవలెనన్న విధానము ఎమిరేట్సులో 2009లోను, సౌదీలో 2013లోను రాగా, ఏజెన్సీలు నెలల తరబడి జీతము బిగబట్టుట కొంత తగ్గినది. ఈ ఒక్క సంస్కరణము తక్కిన వాగ్దానములన్నిటికన్న ఎక్కువ మేలు చేసినదని చెప్పుటకు నేను వెనుదీయను.

రాజుల కలహము కూలివానిపై ఎట్లు పడునో గల్ఫు చరిత్రలో రెండుమార్లు కానవచ్చినది. 1990 ఆగస్టు 2న ఇరాకు సేనలు కువైటును ఆక్రమించినప్పుడు మనవారు సంచులతో ఎడారి దాటి జోర్డాను రాజధాని అమ్మానుకు చేరిరి. ఎయిర్ ఇండియా విమానములు 488 మారులు ఎగిరి లక్షా 11 వేలకు పైగా జనులను స్వదేశమునకు చేర్చినవి. రెండవది పాలకే సంబంధించినది. 2017 జూన్ 5న సౌదీ అరేబియా, ఎమిరేట్సు, బహ్రెయిను, ఈజిప్టు కతరుతో సంబంధములు తెంచుకొని సరిహద్దు మూసివైచినవి. కతరు త్రాగు పాలలో అధికభాగము సల్వా సరిహద్దు మీదుగా సౌదీ లారీలలోనే వచ్చుచుండెను. ఒక్క దినమున ఆ బాట మూతపడినది. దోహా దుకాణములలో అరలు ఖాళీయైనవి. తుర్కీ నుండి విమానములలో పాలు తెప్పించిరి. జూలైలో బలద్నా అను సంస్థ తొలివిడతగా 165 హోల్‌స్టీన్ ఆవులను విమానముపై దింపినది. ఆవులు ఆకాశమార్గమున వచ్చినవని ప్రపంచపు పత్రికలన్నియు చిత్రములు వేసినవి. ఏడాది గడచులోపుగా కతరు తన పాలు తానే పిండుకొనజాలినది. సరిహద్దు 2021 జనవరిలో మరల తెరచిరి కాని, పోయిన గిరాకి పోయినదే. సల్వా బాటపై బండి తోలినవారు వేరు బాటలకు మారిరి. దోహాలో కొత్త పాలబండ్లకు కొత్త డ్రైవర్లు కావలసివచ్చిరి. ఒక బాట మూసిన చేయియే మరొక ఉద్యోగమును తెరచినది. ఆ రెండును ఒకే మనిషికి దొరుకలేదు.

2020లో మహమ్మారి వ్యాపించి నగరములు మూతబడినప్పుడు ఆగనివానిలో పాలబండి ఒకటి. కట్టడపు పనివారు గదులలో ఉండగా వీరు అనుమతి కాగితముతో నిర్జనమైన వీధులలో తిరిగిరి. ఆ ఏడు మే 7 నుండి వందే భారత్ విమానములు నడిచినవి. వచ్చినవారు వచ్చిరి, పాలబండివాని జీతము నడుచుచుండుటచే చాలమంది అచటనే నిలిచిరి.

ఇంటివంక చూచినచో, 1980వ దశకమున దుబాయి నుండి వచ్చినవాని భుజమున జపాను రేడియో-టేపురికార్డరు తప్పక ఉండెడిది. మన శ్రోతలలో ఎందరో మొదటిసారి మా మాట విన్నది అట్టి పెట్టెలలోనే కావచ్చును. చదువురాని భార్యలు క్యాసెట్లలో మాటలు నింపి, తిరుగు ప్రయాణమగు ఊరివాని చేతికిచ్చి పంపుచుండిరి. అవి నేడు దొరికినచో ఏ శాసనమునకును తీసిపోని చరిత్రాధారములగును. భర్త పరదేశమున పాలు పంచుచుండ, ఇంట గేదెను పెంచి ఊరి కేంద్రమునకు పాలు పోసి నెల గడుపుకొన్న ఇల్లాండ్రు ఈ పల్లెలలో కలరు. పంపిన డబ్బు అప్పుకు పోగా, ఉప్పు పప్పులు గడచినది ఆ పాలతోనే. అటుపై మరణించి పెట్టెలో తిరిగివచ్చినవారి కుటుంబములకు 5 లక్షల రూపాయల సహాయము ఇచ్చుటకు తెలంగాణ ప్రభుత్వము 2024లో ఉత్తర్వులిచ్చినది.

బ్రతికి వచ్చినవానికి ఒక చిక్కు కలదు. 2006లో హైదరాబాదున రిలయన్సు ఫ్రెష్ దుకాణములు వెలసినది మొదలు మన పట్టణములలోను సూపర్ మార్కెట్లు హెచ్చినవి, చలిబండ్లు హెచ్చినవి. ఆ పని ఎరిగినవాడు ఊరిలోనే ఉన్నాడు. కాని మన రవాణా లైసెన్సు గడువు పూర్వము 3 ఏండ్లు. 2019 సవరణ పిమ్మట 5 ఏండ్లు. గడువు తీరి ఏడాది దాటినచో మరల పరీక్షకు నిలువవలెను. 15 ఏండ్లు ఎడారిలో ట్రైలరు తోలినవాడు సిరిసిల్ల లేక జగిత్యాల రవాణా కార్యాలయమున, తన కొడుకు ఈడు పిల్లల వరుసలో నిలబడి, ఈసారి రోడ్డుకు ఎడమప్రక్కన, బండిని వెనుకకు నడిపి చూపవలసి యుండును. కొందరు నిలబడుచున్నారు. కొందరు సిగ్గుపడి, మరియొక వీసా వచ్చునేమో అని కోరుట్ల ఏజెంటుకు ఫోను చేయుచున్నారు.